తీగలు పెరిగాయి, దారులు పెరగలేదు

2025 సెప్టెంబరు 6న ఎర్ర సముద్రంలో, సౌదీ అరేబియాలోని జెడ్డా తీరానికి చేరువలో, సీ-మీ-వీ 4, ఐ-మీ-వీ అనే రెండు సముద్రగర్భ కేబుళ్లు తెగాయి. పాకిస్థాన్, భారత్, యూఏఈ వంటి దేశాల్లో ఇంటర్నెట్ మందగించింది. మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ సేవ అజూర్ వినియోగదారులకు ఇచ్చిన ప్రకటనలో సేవలు ఆగిపోయాయని చెప్పలేదు. మధ్యప్రాచ్యం మీదుగా సాగే డేటాను వేరే దారులకు మళ్లించామని, అందువల్ల జాప్యం మామూలుకంటే ఎక్కువగా ఉండవచ్చని మాత్రమే చెప్పింది. కేబుళ్ల సంగతులు ఆసక్తిగా గమనించే నాకు ఈనాటి అంతర్జాతీయ ఇంటర్నెట్ పరిస్థితి అంతా ఆ ప్రకటనలోనే కనిపించింది. సామర్థ్యానికి పెద్దగా కొదవ లేదు, మళ్లించుకోవడానికి వేరే కేబుళ్లూ ఉన్నాయి. లేనిదల్లా ఆ దగ్గరి దారికి దీటైన మరో దగ్గరి దారి.

ఈ జాప్యం ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం లెక్క వేసి చూడాలి. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. శూన్యంలో దాని వేగంతో పోలిస్తే ఇది మూడింట రెండు వంతులే. అంటే ప్రతి 1,000 కిలోమీటర్లకూ 5 మిల్లీసెకన్లు ఖర్చవుతాయి. దారి 10,000 కిలోమీటర్లు పెరిగితే పోవడానికి 50, రావడానికి 50, మొత్తం 100 మిల్లీసెకన్లు అదనం. ఒక్కసారికైతే అది మనిషి గుర్తుపట్టలేనంత చిన్న వ్యవధే. కానీ ఒక వెబ్ పేజీ తెరుచుకోవాలంటే ముందు సైటు పేరును చిరునామాగా మార్చుకోవాలి, తర్వాత సర్వరుతో సంబంధం కుదుర్చుకోవాలి, గుప్తీకరణ తాళాలు ఇచ్చిపుచ్చుకోవాలి, ఆపైన గానీ అసలు సమాచారం కదలదు. ఇందులో ప్రతి అడుగుకూ ఒక రానూపోనూ ప్రయాణం ఉంటుంది కాబట్టి ఆ 100 మిల్లీసెకన్లు పోగుపడి సెకన్లవుతాయి. బాండ్‌విడ్త్ ఎంత కొనుక్కున్నా ఇది తగ్గదు. దారిలోని ఒక్కో మజిలీకి పట్టే సమయాన్ని ఒక్కో వరుసలో చూపే ట్రేస్‌రూట్ ఆదేశాన్ని కంప్యూటరులో ఇచ్చి ఏదైనా దూరదేశపు సర్వరు వైపు దారిని వరుసగా చూస్తే, 30, 35 మిల్లీసెకన్లు అంటూ నింపాదిగా సాగే అంకెలు ఒక వరుస దాటగానే ఒక్కసారిగా 140కో 150కో ఎగబాకడం కనిపిస్తుంది. ఆ రెండు వరుసల మధ్య ఉన్నది దాదాపు ఎప్పుడూ సముద్రమే. షేర్ల వ్యాపారులు ఈ అంకెల కోసమే ప్రత్యేకంగా కేబుల్ వేయించుకున్నారు: 2015లో మొదలైన హైబర్నియా ఎక్స్‌ప్రెస్ న్యూయార్క్, లండన్ల మధ్య రానూపోనూ సమయాన్ని 59 మిల్లీసెకన్ల లోపుకు తెచ్చింది.

సామర్థ్యం విషయానికి వస్తే, దాని పెరుగుదల నిజంగానే అబ్బురం. అట్లాంటిక్ సముద్రం కింద మొదటి టెలిఫోన్ కేబుల్ టాట్-1 1956లో 36 సంభాషణలతో మొదలైంది. అదే సముద్రం కింద మొదటి ఆప్టికల్ ఫైబర్ కేబుల్ టాట్-8 1988లో వచ్చినప్పుడు దాని వేగం సెకనుకు 280 మెగాబిట్లు. ఇవాళ ఒక ఇంటి కనెక్షనుకు కూడా అంతకంటే ఎక్కువ ఇస్తున్నారు. 2017లో వేయడం పూర్తయిన మరేయా కేబుల్‌ను సెకనుకు 160 టెరాబిట్ల కోసం రూపొందించారు (ఒక టెరాబిట్ అంటే పది లక్షల మెగాబిట్లు). 2021లో గూగుల్ వాడుకలోకి తెచ్చిన డ్యునాంట్ 250 టెరాబిట్లు, ఆ తర్వాత మెటా తలపెట్టిన అంజనా 480 టెరాబిట్లు.

ఈ పెరుగుదల అంతా ఒకే కారణంతో వచ్చింది కాదు. మొదట ఎర్బియం కలిపిన ఫైబర్ యాంప్లిఫయర్ వచ్చింది. అంతవరకు, దారి పొడవునా సంకేతాన్ని బలపరిచే ప్రతి రిపీటరులోనూ కాంతిని విద్యుత్తుగా మార్చి, శుభ్రపరచి, మళ్లీ కాంతిగా మార్చేవారు. ఇది వచ్చాక కాంతిని కాంతిగానే బలపరచడం సాధ్యమైంది, కాబట్టి ఒకే తీగలో పదుల కొద్దీ రంగులను, అంటే వేర్వేరు తరంగదైర్ఘ్యాలను, ఒకేసారి పంపడానికి వీలైంది. ఆ తర్వాత కాంతి తరంగపు దశనూ ధ్రువణాన్నీ కూడా వాడుకునే కోహెరెంట్ పరికరాలు వచ్చాయి. వీటిలోని ఆకర్షణ ఏమిటంటే సముద్రంలోని కేబుల్‌ను ముట్టుకోకుండా, రెండు ఒడ్డుల మీది యంత్రాలను మారిస్తే చాలు, పాత కేబుళ్లు కూడా కొత్త సామర్థ్యాన్ని పుంజుకున్నాయి. అయితే ఒక్కో ఫైబరులో ఎంత సమాచారం పట్టించగలమనేదానికి షానన్ సిద్ధాంతం గీసిన గీత ఒకటుంది. పరిశ్రమ ఇప్పుడు ఆ గీతకు చాలా దగ్గరగా వచ్చేసింది.

అందుకే ఇటీవలి కేబుళ్లలో పోటీ ఒక్కో ఫైబరును ఎంత వేగంగా నడపాలన్నదానిలో కాక, ఎన్ని ఫైబర్ జతలు (పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి) ఇమడ్చాలన్నదానిలో ఉంది. మరేయాలో 8 జతలు, డ్యునాంట్‌లో 12, గ్రేస్ హాపర్‌లో 16, అంజనాలో 24. చూడటానికి ఇది సులువుగానే అనిపిస్తుంది గానీ, అసలు చిక్కు గాజుతో కాదు, కరెంటుతో. లోతు సముద్రంలో వేసే కేబుల్ మందం బొటనవేలంత మాత్రమే, 17 నుంచి 21 మిల్లీమీటర్లు. నడిమధ్యన వెంట్రుకంత సన్నని ఫైబర్లు, వాటికి ఉక్కు తీగల కట్టు, దాని మీద రాగి గొట్టం, అన్నిటిపైన పాలిథిలీన్ తొడుగు. 60 నుంచి 100 కిలోమీటర్లకు ఒకటి చొప్పున ఉండే రిపీటర్లన్నింటికీ విద్యుత్తు అందించేది ఆ రాగి గొట్టమొక్కటే. ఒడ్డున ఉన్న ల్యాండింగ్ స్టేషన్లు ఒక చివర ధన, మరో చివర రుణ వోల్టేజి ఇచ్చి, సుమారు ఒక ఆంపియరు స్థిరమైన కరెంటును వేల కిలోమీటర్ల పొడవునా నడిపిస్తాయి. దూరాన్ని బట్టి ఆ వోల్టేజి 10,000 వోల్టులు దాటుతుంది. పాలిథిలీన్ తట్టుకోగలిగిన వోల్టేజికి హద్దు ఉంది కాబట్టి రిపీటర్లకు దక్కే విద్యుత్తుకూ హద్దు ఉంది. ఉన్న కొద్దిపాటి విద్యుత్తునూ కొన్ని ఫైబర్లకు దండిగా ఇవ్వడం కంటే, ఎక్కువ ఫైబర్లకు తలా కొంచెం పంచితే మొత్తం మీద ఎక్కువ సమాచారం వెళుతుందని లెక్క తేలింది. స్పేస్ డివిజన్ మల్టీప్లెక్సింగ్ అనే పెద్ద పేరు వెనుక ఉన్న ఆలోచన ఇంతే. దూరప్రాంత కేబుల్‌లో దాన్ని మొదట అమలు చేసింది డ్యునాంట్. ఒకే ఫైబరులో కాంతి నడిచే రెండు కోర్లు పెట్టే ప్రయత్నం దీనికి తర్వాతి మెట్టు. తైవాన్, ఫిలిప్పీన్స్, అమెరికాలను కలిపే టీపీయూ కేబుల్‌లో అలాంటి ఫైబరును వాడుతున్నట్టు గూగుల్, కేబుళ్లు తయారుచేసే ఎన్ఈసీ 2023లో ప్రకటించాయి.

ఇంత ఖర్చు పెడుతున్నది ఎవరన్నది రెండో పెద్ద మార్పు. ఒకప్పుడు వివిధ దేశాల టెలిఫోన్ సంస్థలు పది పదిహేను కలిసి కన్సార్షియంగా ఏర్పడి, ఖర్చునూ సామర్థ్యాన్నీ పంచుకునేవి. సీ-మీ-వీ వరుసలోని కేబుళ్లన్నీ అలా పుట్టినవే. ఇప్పుడు ఖండాల మధ్య వాడుకలో ఉన్న సామర్థ్యంలో మూడింట రెండు వంతులకు పైగా గూగుల్, మెటా, మైక్రోసాఫ్ట్, అమెజాన్ వంటి సంస్థలదే. వాళ్లు కేబుల్‌లో వాటా అడగరు, పూర్తి ఫైబర్ జతనే అడుగుతారు. లేదా మొత్తం కేబుల్‌నే వేయించుకుంటారు. దాంతో దారులను నిర్ణయించే లెక్కే మారిపోయింది. టెలిఫోన్ రోజుల్లో కేబుళ్లు పెద్ద నగరాల మధ్య నడిచేవి, ఎందుకంటే మాట్లాడుకునేది మనుషులు. ఇప్పుడవి డేటా సెంటర్ల మధ్య నడుస్తున్నాయి. మరేయా, డ్యునాంట్ రెండూ న్యూయార్క్‌ను వదిలి వర్జీనియా బీచ్‌లో ఒడ్డెక్కడానికి కారణం ఆ రాష్ట్రపు ఉత్తర భాగంలో కిక్కిరిసి ఉన్న డేటా సెంటర్లే.

ఈ మార్పును కొందరు పూర్తిగా అనుమానంతో చూస్తారు. నేను అంత దూరం వెళ్లను. ఆఫ్రికా చుట్టూ 45,000 కిలోమీటర్ల పొడవున 33 దేశాలను కలిపే 2ఆఫ్రికా లాంటి కేబుల్‌ను, మెటా వంటి పెద్ద వాడుకదారు చేయి వేయకుండా, టెలికాం సంస్థలు తమంతట తాము తలకెత్తుకునేవని నేను అనుకోను. దక్షిణ అట్లాంటిక్‌లో ఒంటరిగా ఉన్న సెయింట్ హెలీనా ద్వీపానికి, గూగుల్ వేసిన ఎక్వియానో కేబుల్ నుంచి ఒక శాఖ తీసుకోవడం వల్లనే, 2023లో మొదటిసారి ఫైబర్ ఇంటర్నెట్ అందింది. జనాభా 5,000 కూడా లేని ద్వీపం కోసం ఎవరూ విడిగా కేబుల్ వేయరు. కానీ ఇందులో మరో సంగతి కూడా ఉంది. కేబుల్ యజమానీ, దాని ప్రధాన వాడుకదారూ ఒకరే అయినప్పుడు, ఆ కేబుల్ ఎటు వెళ్లాలో వాళ్ల అవసరమే తేలుస్తుంది. బయటివారికి మిగిలేది ఆ దారిలో వాళ్లు అమ్మిన మేరకే.

మొత్తం మీద ఇవాళ ప్రపంచంలో 500కు పైగా కేబుల్ వ్యవస్థలు పనిచేస్తున్నాయి, వాటి పొడవు దాదాపు 15 లక్షల కిలోమీటర్లు. ఖండాల మధ్య సాగే డేటాలో 95 శాతానికి పైగా వీటి మీదుగానే వెళుతుంది. పటంలో చూస్తే ఎంతో దట్టంగా అల్లుకున్నట్టు కనిపించే ఈ తీగలు కొన్ని చోట్ల మాత్రం ఒకే ఇరుకు సందులో దూరతాయి. ఐరోపాకూ ఆసియాకూ మధ్య ఎర్ర సముద్రం, ఈజిప్టు; తూర్పు ఆసియాలో తైవాన్, ఫిలిప్పీన్స్ల మధ్యనున్న లుజాన్ జలసంధి; మలక్కా జలసంధి. 2006 డిసెంబరు 26న తైవాన్ దక్షిణ కొసన వచ్చిన భూకంపం సముద్రగర్భంలో బురద ప్రవాహాలను లేపి లుజాన్ జలసంధిలో తొమ్మిది కేబుళ్లను తెంపింది; వాటిని సరిచేయడానికి 11 నౌకలకు 49 రోజులు పట్టింది. 2008 జనవరి చివర అలెగ్జాండ్రియా దగ్గర సీ-మీ-వీ 4, ఫ్లాగ్ కేబుళ్లు తెగినప్పుడు మధ్యప్రాచ్యమూ భారతదేశమూ కలిపి ఇబ్బంది పడ్డాయి.

నా దృష్టిలో వీటన్నిటికంటే ఎక్కువ చెప్పే ఘటన 2024 మార్చి 14న ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ తీరాన జరిగింది. వాక్స్, మెయిన్‌వన్, ఏస్, శాట్-3 అనే నాలుగు కేబుళ్లు ఒకే రోజున పోయాయి. సముద్రగర్భంలో నేల జారడమే కారణమని భావిస్తున్నారు. పశ్చిమ ఆఫ్రికాలో ఎన్నో దేశాల్లో బ్యాంకులూ ప్రభుత్వ సేవలూ కుంటుపడ్డాయి. ఈ నాలుగింటి యజమానులు వేరు, వేసిన సంవత్సరాలు వేరు, ఒప్పందాలు వేరు. ఒక టెలికాం సంస్థ వీటిలో రెండింటి మీద సామర్థ్యం కొనుక్కుని తనకు రక్షణ ఉందని కాగితం మీద చూపించుకుంటే ఎవరూ తప్పు పట్టలేరు. కానీ అన్నీ ఒకే సముద్రలోయను దాటుతున్నాయి. ఆ లోయకు ఎవరి ఒప్పందంతోనూ పని లేదు.

తెగిన కేబుల్‌ను సరిచేయడం ఎలాగో తెలుసుకుంటే ఈ ఇరుకు దారుల విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. ఒడ్డు నుంచి ఫైబరులోకి కాంతి తునక పంపి, అది వెనుదిరిగి వచ్చే సమయాన్ని బట్టి, అలాగే కరెంటు ఎక్కడ సముద్రపు నీటిలోకి కారిపోతోందో వోల్టేజిని బట్టి కొలిచి, తెగిన చోటును గుర్తిస్తారు. నౌక అక్కడికి వెళ్లి గాలం లాంటి పెద్ద ఇనుప కొక్కేన్ని సముద్రం అడుగున ఈడుస్తూ కేబుల్‌ను పట్టుకుంటుంది. అడుగున బిగుతుగా పడి ఉన్న కేబుల్ పైదాకా రాదు. కాబట్టి పూర్తిగా తెగకపోతే దాన్ని కోసి మరీ ఒక్కో చివరనూ విడివిడిగా పైకి తీయాలి. ఒక చివరను పరీక్షించి, మూసి, నీటిపై తేలే బోయాకు కట్టి నీళ్లలో వదులుతారు. రెండో చివరకు నౌకలో తెచ్చిన కొత్త కేబుల్ ముక్కను అతికి, బోయా దగ్గరికి తిరిగివచ్చి ఆఖరి అతుకు వేస్తారు. రెండు చివరలూ ఒకేసారి నౌక మీదికి రావాలి కాబట్టి నీటి లోతుకు తగ్గట్టు అదనపు పొడవు కలపాల్సిందే. అందుకే మరమ్మతు జరిగిన ప్రతిసారీ కేబుల్ కాస్త పొడవవుతుంది. వెంట్రుక మందం ఫైబర్లను ఒక్కొక్కటిగా పొర ఒలిచి, నున్నగా కోసి, విద్యుత్ మెరుపుతో కరిగించి కలిపి, పైన పాలిథిలీన్ పోతపోసి, ఎక్స్‌రే తీసి చూసి, అప్పుడు దాన్ని నీళ్లలోకి దించుతారు. అలలకు ఊగే నౌకలో ఒక్క అతుకుకు దాదాపు ఒక రోజు పడుతుంది. ఫైబర్ జతలు 8 నుంచి 24కు పెరిగితే అతకాల్సినవి 16 నుంచి 48 అవుతాయన్నది సామర్థ్యపు ప్రకటనల్లో ఎవరూ రాయని విషయం.

ప్రపంచమంతటా ఏటా 150 నుంచి 200 దాకా ఇలాంటి లోపాలు వస్తాయి. అంటే వారానికి మూడు నాలుగు. వాటిలో 70 నుంచి 80 శాతం చేపల వలలవల్లా లంగర్లవల్లా జరిగేవే. సొరచేపలు కేబుళ్లు కొరుకుతాయన్న కథ మాత్రం అందరికీ ఇష్టం, లెక్కల్లో వాటి వాటా దాదాపు సున్నా. మరమ్మతు నౌకలు ప్రపంచం మొత్తానికి కొన్ని పదుల్లోనే ఉన్నాయి, వాటిలో చాలా పాతబడ్డాయి. కొత్త కేబుళ్ల మీద పెట్టుబడి పోటెత్తుతున్నంతగా వీటి మీద రావడం లేదు. దీనికి తోడు అనుమతుల సమస్య ఒకటి. 2024 ఫిబ్రవరిలో యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల దాడికి గురై వదిలేసిన రూబీమార్ నౌక, లంగరును ఈడ్చుకుంటూ కొట్టుకుపోయి ఏఏఈ-1, సీకాం, ఈఐజీ కేబుళ్లను తెంపింది. అతకడం కొద్ది రోజుల పని. అయినా యుద్ధం జరుగుతున్న యెమెన్ జలాల్లో ఏ ప్రభుత్వపు అనుమతి తీసుకోవాలో, నౌకకు బీమా ఎవరిస్తారో తేలేసరికి నెలలు గడిచాయి.

చట్టం ఈ విషయంలో ఎంత వెనుకబడి ఉందో బాల్టిక్ సముద్రంలో బయటపడింది. 2024 డిసెంబరు 25న ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య ఎస్ట్‌లింక్ 2 విద్యుత్ కేబుల్‌తో పాటు నాలుగు సమాచార కేబుళ్లు తెగాయి. ఈగిల్ ఎస్ అనే చమురు నౌక తన లంగరును అడుగున ఈడ్చిందని ఫిన్లాండ్ అధికారులు ఆ నౌకను పట్టుకున్నారు, సిబ్బంది మీద కేసు పెట్టారు. కానీ ఆ ఘటన తమ ప్రాదేశిక జలాలకు వెలుపల జరిగింది కాబట్టి విచారించే అధికారం తమకు లేదని 2025 అక్టోబరులో హెల్సింకి జిల్లా కోర్టు కేసు కొట్టివేసింది. టెలిగ్రాఫ్ కేబుళ్ల రక్షణకు పారిస్‌లో ఒప్పందం కుదిరింది 1884లో. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం కూడా, ప్రాదేశిక జలాల బయట జరిగిన నష్టానికి శిక్షించే బాధ్యతను ముఖ్యంగా నౌక ఏ దేశపు జెండా ఎగరేస్తోందో ఆ దేశానికే వదిలింది. కేబుళ్ల మీద కావాలని చేసే దాడి కొత్తదేమీ కాదు: మొదటి ప్రపంచయుద్ధంలోకి బ్రిటన్ దిగిన మరుసటి రోజే, 1914 ఆగస్టు 5న, ఆ దేశపు నౌక అలర్ట్ జర్మనీ కేబుళ్లను కోసేసింది. అయినా తెగిన ప్రతి తీగ వెనుకా కుట్ర వెతికే ధోరణి నాకు నచ్చదు. అది లంగర్ల నిర్వహణ, మరమ్మతు నౌకల కొరత వంటి విసుగు పుట్టించే విషయాల నుంచి దృష్టి మళ్లిస్తుంది.

రాజకీయం అసలు పనిచేస్తున్నది కేబుల్ వేయకముందే. లాస్ ఏంజెలెస్ నుంచి హాంకాంగ్‌కు గూగుల్, ఫేస్‌బుక్ భాగస్వామ్యంతో తలపెట్టిన పీఎల్‌సీఎన్ కేబుల్‌కు హాంకాంగ్ చివర వద్దని 2020లో అమెరికా న్యాయశాఖ అభ్యంతరం చెప్పింది. కేబుల్ చివరకు తైవాన్, ఫిలిప్పీన్స్ల వరకే వాడుకలోకి వచ్చింది. సీ-మీ-వీ 6 నిర్మాణం చైనాకు చెందిన హెచ్ఎంఎన్ టెక్‌కు దక్కబోయి, అమెరికా ఒత్తిడి తర్వాత ఆ దేశపు సబ్‌కాంకు దక్కింది. ప్రపంచంలో పెద్ద కేబుళ్లు తయారుచేసి వేయగలిగినవి ఈ రెండూ, ఫ్రాన్సు ఆల్కటెల్ సబ్‌మెరైన్ నెట్‌వర్క్స్, జపాను ఎన్ఈసీ కలిపి ప్రధానంగా నాలుగే. అందులో ఒకదాన్ని పక్కన పెడితే, మిగిలిన మూడింటి ముందు వరుస ఎంత పెరుగుతుందో ఊహించుకోవచ్చు.

ఉపగ్రహాలు ఉండగా ఈ తంటా ఎందుకన్న ప్రశ్న తరచూ వస్తుంది. 2022 జనవరి 15న అగ్నిపర్వతం పేలి టోంగాకున్న ఏకైక అంతర్జాతీయ కేబుల్ ముక్కలైనప్పుడు, నౌక వచ్చి సరిచేసే ఐదు వారాలపాటు ఆ దేశానికి బయటి ప్రపంచంతో మాట ఉపగ్రహాల మీదుగానే సాగింది. 2023 ఫిబ్రవరిలో తైవాన్‌కు చెందిన మాత్సు దీవుల రెండు కేబుళ్లూ తెగినప్పుడు మైక్రోవేవ్ లింకు ఆదుకుంది. అత్యవసర సందేశాలకు ఇవి చాలు. కానీ ఒక్క ఫైబర్ జతే ఇవాళ సెకనుకు పది ఇరవై టెరాబిట్లు మోస్తున్నప్పుడు, మామూలు రోజుల భారాన్ని ఆకాశం మీదికి ఎత్తాలనుకోవడం లెక్కకు అందే పని కాదు.

అందువల్ల పరిశ్రమ వెతుకుతున్నది మరో దారినే. ఇజ్రాయెల్, జోర్డాన్ల మీదుగా నేల దాటి ఈజిప్టును తప్పించే బ్లూ-రామన్ ఒక ప్రయత్నం. ఆర్కిటిక్ మీదుగా వెళ్లే ఆలోచనలు మరికొన్ని. అన్నిటిలోకి పెద్దది 2025 ఫిబ్రవరిలో మెటా ప్రకటించిన ప్రాజెక్ట్ వాటర్‌వర్త్: 24 ఫైబర్ జతలతో, 50,000 కిలోమీటర్లకు పైగా పొడవున అమెరికా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, భారతదేశాలను కలుపుతూ, చాలా భాగం 7,000 మీటర్ల లోతు వరకు లంగర్లూ వలలూ అందని సముద్రంలో సాగే కేబుల్. ఎర్ర సముద్రంతో దీనికి పని లేదు. బదులుగా ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి రావాలి, అంటే మొదట్లో వేసిన మిల్లీసెకన్ల లెక్క ఇక్కడ భారంగానే పడుతుంది. ఒక డేటా సెంటరులోని నిల్వలను మరో డేటా సెంటరుకు నకలు తీయడానికో, కృత్రిమ మేధ నమూనాల శిక్షణ సామగ్రిని తరలించడానికో ఆ జాప్యం పెద్ద అడ్డంకి కాదు; యజమాని ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం అదే కాబట్టి చుట్టుదారి ఆయనకు సరిపోతుంది. దూరదేశంలో ఉన్నవారితో వీడియోలో మాట్లాడేవారికీ, చిన్న దేశపు బ్యాంకు సర్వరుకూ కావలసింది మాత్రం ఇప్పటికీ ఆ ఇరుకైన దగ్గరి దారే. దాన్ని నమ్మదగినదిగా ఉంచడానికి ఎర్ర సముద్రంలో మరమ్మతు నౌకల అనుమతులూ బీమా ఏర్పాట్లూ ఎలా కుదురుతాయన్నదే, కొత్త కేబుల్ ప్రకటనల కంటే ఎక్కువగా, నేను ఎదురుచూస్తున్న వార్త.